మరియమ్మ బిడ్డకి దిష్టిచుక్క

ఆత్మకూరు మిషను బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పే లిదియమ్మకి నోట్లో నాలుక లేదని ఊరంతా అనుకునేది. అనుకోవడంలో తప్పు కూడా లేదు. హెడ్మాస్టరు సెలవునాడు రమ్మంటే వచ్చేది. పక్కింటి శీనమ్మ గుప్పెడు చింతపండు అడిగితే కుండ బోర్లించి ఇచ్చేసి, ఆ పూట తాను ఉప్పూ మిరపకాయా నంజుకుని తినేది. ఎవరేమన్నా "సరేలే" అనేది. ఆమె గదిలో మేకుకి తగిలించిన ఎర్ర చీర దగ్గర్నుంచి ఆమె గీసే బొమ్మల దాకా అన్నీ ఒకరి మాట విని మార్చుకున్నవే. అట్లాంటి మనిషి జన్మకోసారి సంఘపెద్దలందరి ఎదుటా "చెరపను" అంది చూడండి, ఆ మాటకి బడి గోడ మీది బల్లి కూడా ఉలిక్కిపడి ఉంటుంది!

ఆమె పుట్టింది ఉదయగిరి కొండ కింద ఒక చిన్న పల్లెలో. ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి తెచ్చి మిషను బోర్డింగులో వదిలాడు. అక్కడ అక్షరాలకన్నా ముందు బొగ్గు దొరికింది ఆ పిల్లకి. వంటశాల గోడ మీద వంటమనిషి గురవమ్మని గీసింది, ముక్కుపుడకతో సహా. గురవమ్మ తిట్టవలసింది పోయి, ఆ గోడకి సున్నం కొట్టనివ్వకుండా రెండేళ్లు కాపలా కాసింది. ఆ బొమ్మ చూసే మిషను ఆసుపత్రి డాక్టరు దొరసాని లిదియమ్మకి కాగితాలూ రంగులూ ఇచ్చి, కుంచె పట్టుకోవడం నేర్పించింది.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది దొరసాని తన దేశానికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒక బొమ్మల పుస్తకం లిదియమ్మ చేతిలో పెట్టింది. పెట్టెలో పట్టకనే ఇచ్చిందని శీనమ్మ అనేది గానీ, ఆమె మాటలకేంలే! ఆ పుస్తకం నిండా రఫాయేలు అనే ఇటలీ చిత్రకారుడు నాలుగు వందల ఏళ్లనాడు వేసిన బొమ్మలు. సగం మరియమ్మా బిడ్డా. కొండలు వెనక, సన్నటి చెట్లు వెనక, కుర్చీలో, పచ్చిక మీద, ఎక్కడ చూసినా ఆ తల్లీ బిడ్డే. తక్కినవి మనుషుల ముఖాలు: పోపులు, వర్తకులు, నగలు పెట్టుకున్న అమ్మగార్లు. ఒక్కొక్కరు ఇప్పుడే మాట్లాడబోతున్నట్టు ఉంటారు.

ఆయన కూడా చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాడనీ, నలభై నిండకుండానే పోయాడనీ దొరసాని చెప్పింది. ఆ మాట లిదియమ్మ మనసులో ఉండిపోయింది. తల్లి లేని పిల్లాడు బతికినన్నాళ్లూ తల్లుల్ని గీశాడు, పాపం! ఆయన్ని ఆమె "మా రఫాయేలయ్య" అనేది. దాంతో బడిలో అందరూ ఆయన ఎవరో మన సంఘస్థుడే అనుకున్నారు. "ఆయప్పది కావలి ఊరా, కనిగిరా?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవాలంటే నెల్లూరు పోవాలి. బస్సు ఎక్కితే వాంతులు, ఫోటో పెట్టె ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని భయం. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు లిదియమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు, అవ్వ బొమ్మో తాత బొమ్మో గీసిపెట్టమని. చేత్తో గీస్తే ఆయుష్షు తగ్గదా అంటే, టీచరమ్మ మంచిది కాబట్టి తగ్గదట. ఈ లెక్క ఎవరు తేల్చారో మరి.

ఒకసారి కలిగిరి నుంచి హుసేనయ్య అనే బట్టల వ్యాపారి వచ్చాడు. దర్గాకి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. మెడలో ఉత్తరీయం, నుదుట నామం, మనిషి దర్జాగా ఉన్నాడు. రఫాయేలయ్య పద్ధతిలో ముఖం కొంచెం పక్కకి తిప్పి కూచోబెట్టి, మూడు సాయంత్రాలు ప్రాణం పెట్టి గీసింది. నిజంగా హుసేనయ్యే కూచున్నట్టుంది బొమ్మ. ఆయన చూశాడు. ముందుకొచ్చి చూశాడు. పటం పక్కకి వెళ్లి, వెనక్కి తొంగి కూడా చూశాడు.

"బాగానే ఉండాదమ్మా, నా రెండో చెవి యాడ?"

"ముఖం తిరిగుండాది కదా అయ్యా, ఆ చెవి అవతల పక్కన ఉంటాది."

"అవతల ఉంటే నీకు తెలుస్తాది, నాకు తెలుస్తాది. రేపు నా మనవళ్లకేం తెలుస్తాది? మా తాతకి ఒంటిచెవని ఊరంతా చెప్పుకుంటారు. గిరాకీ మాట వినేది నేను ఆ చెవితోనే!"

లిదియమ్మ "సరేలే అయ్యా" అంది. రెండో చెవిని తెచ్చి చెంప మీద అతికించింది. చేటంత చెవి. హుసేనయ్య మురిసిపోతూ పటం చంకన పెట్టుకుని పోయాడు. తలుపు మూసుకుని ఆమె నవ్వింది, నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాక అవి నవ్వువో ఏడుపువో ఆమెకే తెలియలేదు. అట్లాగే ఒక అవ్వకి పోయిన పళ్లన్నీ పెట్టింది. ఒక కరణంగారికి బట్టతల మీద జుట్టు మొలిపించింది. అడిగినవాళ్లకి అడిగినట్టు! తన కంటికి కనపడింది కనపడినట్టు ఒక్క బొమ్మైనా వేసి, అది నలుగురూ చూసేచోట గోడకెక్కితే చాలని ఆమెకి కోరిక. ఆ తర్వాత కుంచె పట్టకపోయినా పరవాలేదనుకునేది. ముప్పైఅయిదేళ్లు దాటాయి. పెళ్లి మాట ఎత్తినవాళ్లు ఎత్తి ఎత్తి అలిసిపోయారు. ఈ కోరిక ఒక్కటే అలిసిపోలేదు.

ఏ బొమ్మ వేయాలో కూడా ఆమెకి తెలుసు. తల్లీ బిడ్డా. అయితే ఇటలీ తల్లి కాదు, మన తల్లి. వెనక ఉదయగిరి కొండ. ఒక్కటే చిక్కు. రఫాయేలయ్య తల్లులందరి ముఖంలో ఏదో దిగులుంటుంది. బిడ్డ ఒళ్లో ఆడుకుంటూ ఉంటాడు, తల్లి మాత్రం నవ్వదు. ఆ దిగులేమిటో లిదియమ్మకి అంతుపట్టలేదు. అంతుపట్టనిది గీస్తే చేట చెవిలాగే ఉంటుంది మరి.

చెంచమ్మ అనే మనిషి ఆ చిక్కు విప్పింది. చెరువు కట్ట కింద గుడిసెల్లో కాపురం. మొగుడు పోలేరయ్య చేపలు పడితే ఈమె బుట్టలో పెట్టుకుని వచ్చి టీచర్ల ఇళ్లలో అమ్మేది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టగానే పెంటదిబ్బ మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డని తీసుకున్నట్టు తీసుకుని, పెంటయ్య అని పేరు పెట్టారు. అట్లా పెడితే చావు కూడా "ఛీ, వీడా" అని వదిలేసి పోతుందని నమ్మకం. వాడేమో పేరుకి ఏమాత్రం తగకుండా బూరెబుగ్గలతో, చూసినవాళ్లు ఎత్తుకోకుండా ఉండలేనట్టు పెరుగుతున్నాడు. అందుకే వాడి ఎడమ బుగ్గ మీద ఎప్పుడూ కందిగింజంత కాటుక చుక్క. చెరిగితే మళ్లీ పెట్టేది. దారిలో ఎవరైనా "ఎంత బాగున్నాడే!" అంటే చాలు, పక్కకి పోయి ముమ్మారు ఉమ్మేసి వచ్చేది.

ఒకరోజు బడి వరండాలో బుట్ట దించి, బిడ్డని ఒళ్లో వేసుకుని, చెంచమ్మ ఎటో చూస్తూ కూచుంది. లిదియమ్మ తలుపులో నిలబడిపోయింది. ఆ ముఖం పుస్తకంలో ఉంది!

"చెంచమ్మా, నిన్నూ బిడ్డనీ బొమ్మ గీసుకోనా?"

"నన్ను గీసుకో తల్లా, నా మొహానికేం దిష్టి. బిడ్డ జోలికి మాత్రం రావద్దు." అని పైట తీసి బిడ్డ మీద కప్పేసింది.

లిదియమ్మ బతిమాలలేదు. లోపలికి పోయి పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. చెంచమ్మ చేపల చేతులు చీరకి తుడుచుకుని, ఒక్కొక్క బొమ్మనీ వంగి చూసింది. ఈ తల్లి ఎవరు, ఈ బిడ్డ ఎవరు అని అడిగింది. అడుగుతూ అడుగుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఇదేంది టీచరమ్మా! ఇంత తెల్లటి బిడ్డ, ఇంత ముద్దుగా ఉండాడు, బట్ట కూడా లేకుండా పదిమందిలో కూచోబెట్టుకోని, చుక్క పెట్టలేదే ఈమె?"

"వాళ్ల దేశంలో పెట్టరు చెంచమ్మా."

"అందుకే మొహం అట్టా పెట్టుకోనుండాది. బిడ్డకేమైతాదో అని లోపల కొట్టుకుంటా ఉండాది పాపం. నేనూ అంతే గదా తల్లా, పెద్దోడు పోయినాక రెండోవాణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా అట్టానే ఉండేది నాకు."

 ఇన్నేళ్లూ లిదియమ్మ వెతికిన దిగులు ఇదే! ఎక్కడి ఇటలీ, ఎక్కడి ఆత్మకూరు చెరువుకట్ట! ఆమె పుస్తకం మూసి, సంతోషం పట్టలేక చెంచమ్మ రెండు చేతులూ పట్టుకుంది. చేపల వాసన సంగతి గుర్తే లేదు.

చెంచమ్మ బిడ్డ మీది పైట కొంచెం తొలగించి చూసుకుంది. చివరికి ఒక షరతు పెట్టింది. "గీసుకో. కానీ బొమ్మలో బిడ్డకి చుక్క ఉండాల. వాడి బుగ్గ మీద ఎట్టుండాదో అట్టానే. ఊరంతా చూస్తారు గదా, ఆ కళ్లన్నీ నా బిడ్డకి తగలకూడదు. ఎవరు చెప్పినా చెరపనని మాటియ్యి."

లిదియమ్మవాళ్ల సంఘంలో ఒట్లు పెట్టరు. మాట అంటే మాటే. "చెరపను" అంది.

ఇక చూడండి సంబరం! మిషను బడిలో ఆ నెలంతా తిరునాళ్లే. గాడా అనే ముతకగుడ్డని చట్రానికి బిగించి, తుమ్మజిగురులో రంగులు నూరుకుంది లిదియమ్మ. చాకలి నీలిమందు తల్లి కొంగుకి, జేగురు రవికకి. పెంటయ్యని ఒకచోట కూచోబెట్టడం ఎవరి తరం? కుంచె నోట్లో పెట్టుకున్నాడు. పచ్చరంగు గిన్నెలో చెయ్యి ముంచి తల్లి ముఖానికి పూశాడు. వాణ్ణి ఆడించడానికి పోలేరయ్య వచ్చి, గాలం కర్రకి ఈతాకు కట్టి ఊపుతూ నిలబడేవాడు. బొమ్మలో చీర చూసి చెంచమ్మ మురిసిపోయింది. "ఇంత మంచి కోక నాకెప్పుడు కొనిపెట్టినావు మావా?" అని మొగుణ్ణి ఎత్తిపొడిచింది. "కొన్నాను, నువ్వే చేపల్లో పారేసుకున్నావు" అన్నాడు పోలేరయ్య తడుముకోకుండా. కొంగు నుదుటి మీదికి కప్పుకోమంది లిదియమ్మ. దాంతో బొట్టు ఉండాలా వద్దా అనే గొడవ తప్పింది. ఆమె తెలివిగలది కాదని ఎవరన్నారు? వెనక ఉదయగిరి కొండ వేసింది. కొండ కిందికి చెరువు రావాలని చెంచమ్మ పట్టుబడితే చెరువూ వచ్చింది, చెరువులో కొక్కెరాయి కొంగలూ వచ్చాయి. చిట్టచివర దీపపు మసి తీసి, బిడ్డ ఎడమ బుగ్గ మీద కందిగింజంత చుక్క పెట్టింది. తల్లి ముఖంలో ఆ దిగులు అట్లాగే ఉంది. కానీ చుక్క పడిన తర్వాత పెదవుల చివర కాస్త నెమ్మది వచ్చినట్టు లిదియమ్మకి తోచింది. తన చేత్తో తానే వేసినా, అది ఎట్లా వచ్చిందో ఆమెకి తెలియదు.

ఆ ఏడు మందిరం పైకప్పు విప్పి కొత్త దూలాలు వేస్తున్నారు. అందుకని క్రిస్మస్ ఆరాధన బడి హాల్లో పెట్టుకున్నారు. మందిరంలో బొమ్మలు కట్టడం వాళ్ల సంఘంలో లేదు. బడి గోడకైతే పిల్లల చదువు కోసం ఎన్ని బొమ్మలైనా ఉండొచ్చు. హెడ్మాస్టరు లిదియమ్మ పటాన్ని చూసి నోరు తెరిచాడు. "హాలు నడిమధ్యలో కడదాం, పెద్దలకి ఒక మాట చెప్పి" అన్నాడు. ఆ రాత్రి లిదియమ్మకి నిద్ర పట్టిందంటే అబద్ధమే.

పెద్దల్లో పెద్ద పెంచలయ్య. ఎండకి ఎండి వానకి తడిసి రాటుదేలిన మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వచ్చి కూచునేది ఆయనే, సీతారామపురం దాకా నడిచిపోయి ప్రార్థన చేసి వచ్చేది ఆయనే. కానీ తాయెత్తు కనపడితే మాత్రం మనిషి మారిపోయేవాడు. మొలలో చిన్న కత్తి ఉండేది. పిల్లల మెడలోనో మొలలోనో మంత్రపు దారం కనపడితే అక్కడికక్కడే పుటుక్కున కోసి పారేసేవాడు. "దేవుణ్ణి నమ్ముతారా, దారాన్ని నమ్ముతారా?" అని గద్దించేవాడు.

ఆయన తక్కిన పెద్దలతో వచ్చి పటం ముందు నిలబడ్డాడు. కొండ చూసి, "ఓరి, ఇది మన ఉదయగిరి కొండ కదంట్రా!" అన్నాడు. తల్లి ముఖం చూసి గడ్డం నిమురుకున్నాడు. బిడ్డని చూసి నవ్వాడు. నవ్వి, భుజం మీది తుండు తీసి పటం మీద విసిరాడు.

"ఈగ. పో!"

పోలేదు. మళ్లీ విసిరాడు. ఇంకా పోలేదు. దగ్గరికి పోయి వేలితో తాకి చూసి, వేలు చూసుకుని, లిదియమ్మ వైపు తిరిగాడు. 

"ఏందమ్మాయ్ ఇది?"

"దిష్టిచుక్క, పెద్దయ్యా."

"యేసుప్రభువుకి దిష్టిచుక్కా! లోకాన్ని కాపాడేవాణ్ణి కాటుక కాపాడాలంటావా? నలభై ఏళ్లుగా నేను ఊరూరా తిరిగి తీసేస్తుండేది దీన్నే. అది తెచ్చి బడి నడిమధ్యలో పెడతావా? చెరుపు."

 "సరేలే" అనే మాట అలవాటు కొద్దీ లిదియమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"చెరపను పెద్దయ్యా. మాటిచ్చినాను."

బల్లి ఉలిక్కిపడిందన్నది అప్పుడే. పెంచలయ్య కూడా ఉలిక్కిపడ్డాడు. ఆయనకి కోపం రావడానికి కూడా కాస్త వ్యవధి పట్టింది. "అయితే నీ బొమ్మ నీ ఇంట్లోనే ఉంచుకో. పండగలోపల చుక్క పోతే గోడకెక్కుతాది, లేకుంటే లేదు" అని చెప్పి, తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక బుద్ధిచెప్పేవాళ్లకి కొదవా? హెడ్మాస్టరు, "చుక్కంత రంగు అద్దితే పోయేదానికి ఏందమ్మా మొండితనం" అన్నాడు. శీనమ్మ, "అరికాల్లో పెట్టు, ఎవరికీ కనపడదు" అంది. ఇంకొకాయన, జుట్టు కొంచెం ముందుకి దించి కప్పేయమన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె ముఖం మీదే అనేసి పోయారు. ఒక మధ్యాహ్నం లిదియమ్మ కుంచెకి గోధుమరంగు అద్దుకుని, ఇంటికి మోసుకుపోకుండా హాలు మూలనే ఉంచిన పటం ముందు కూచుంది కూడా. చెంచమ్మకి తెలియనే తెలియదు. ఆమె హాల్లోకి ఎప్పుడు వచ్చింది గనక? ఒక్క అద్దుతో పని అయిపోతుంది, జన్మకోరిక తీరుతుంది. కుంచె బుగ్గ దాకా పోయింది. అక్కడ ఆగింది. చుక్క పోతే తల్లి పెదవుల చివరి నెమ్మది కూడా పోతుందని ఆమెకి భయం వేసింది. రెండో చెవి పెట్టింది, పళ్లు పెట్టింది, జుట్టు పెట్టింది. ఇది మాత్రం తనవల్ల కాదు. కుంచె కడిగేసి, పటాన్ని గోడవైపు తిప్పి పెట్టి, కడుపారా ఏడ్చింది.

బడి పిల్లలు ఊరుకుంటారా? మాట చెరువుకట్ట దాకా చేరవేశారు.

పండగ ముందురోజు సాయంత్రం హాల్లో రంగుకాగితాలు కడుతున్నారు. హెడ్మాస్టరు ఎక్కితే పెంచలయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య కామమ్మ ఆడవాళ్లతో కూచుని పిండివంటలకి బెల్లం కొడుతోంది. చంకలో బిడ్డతో, వెనకాలే మొగుడితో చెంచమ్మ లోపలికి వచ్చింది. చేతిలో బంతిపూల దండ.

"దండ బొమ్మకి వేయకూడదమ్మాయ్" అన్నాడు పెంచలయ్య ముందుగానే.

"బొమ్మే లేదు గదా సామీ గోడ మీద, యాడ వేసేది?" అంటూ ఆ దండ తీసి పెంటయ్య మెడలో వేసింది. వాడు వెంటనే ఒక పువ్వు పీకి నోట్లో పెట్టుకున్నాడు. ఆడవాళ్లంతా నవ్వారు. లిదియమ్మ మాత్రం గోడకి ఆనుకుని బిగుసుకుపోయింది.

"అయ్యా, కోపం చేసుకోవద్దు. నాకొక సంగతి చెప్పు. టీచరమ్మ గీసిన బిడ్డ, మీ దేవుడి బిడ్డ, పెద్దోడయినాడా?"

ప్రసంగాలు చేసే మనిషికి అంతకన్నా ఏం కావాలి! పెంచలయ్య ముఖం విప్పారింది. "అయినాడు. ఊరూరా తిరిగి రోగాలు బాగుచేసినాడు. ఆకలైనోళ్లకి అన్నం పెట్టినాడు. గుడ్డోళ్లకి కళ్లిచ్చినాడు."

"మంచిబిడ్డ. ముసిలోడయినాడా? మనవళ్లని ఎత్తుకున్నాడా?"

"లేదమ్మా. ముప్పైమూడేళ్లకే చంపేసినారు. మేకులు కొట్టి."

చెంచమ్మ చెయ్యి తనకి తెలియకుండానే పెంటయ్య తల మీదికి పోయింది. "వాళ్లమ్మ ఉండిందా అప్పటికి?"

"ఉండింది. అక్కడే, సిలువ కిందనే నిలబడి ఉండింది."

"కళ్లతో చూసిందా?"

పెంచలయ్య తలూపాడు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. ఇట్లా ఎవరూ అడగలేదు.

"నేను ఇద్దరిని పూడ్చిపెట్టినా సామీ. మీ దేవుడి సంగతి నాకు తెలీదు, ఆ అమ్మ సంగతి తెలుసు. అంత చూడబోతుండాదే ఆమె, ఒక్క చుక్కన్నా పెట్టుకోనీకూడదా?"

బెల్లం కొట్టే చప్పుడు ఆగిపోయింది. కామమ్మ రోకలి కింద పెట్టింది. ఆమె మొగుడి ఎదుట పదిమందిలో మాట్లాడిన మనిషి కాదు.

"మన రెబెకమ్మకి నన్నూ పెట్టుకోనీలేదు నువ్వు" అంది.

రెబెకమ్మ వాళ్ల తొలిచూలు బిడ్డ. ఏడాది తిరక్కుండానే పోయింది. ఊళ్లో చాలామందికి అట్లాంటి బిడ్డ ఒకతె ఉండేదని కూడా తెలియదు.

"జ్వరమొచ్చి పోయింది కదే ఆ బిడ్డ" అన్నాడు పెంచలయ్య.  "చుక్క పెట్టుంటే బతికేదా?"

"బతికేది కాదు. నాకు మాత్రం తెలీదా? అయినా పెట్టుకోవాలనిపించింది. ఇంకేం చేయగలను నేను? పెట్టినాను కూడా. నువ్వు తుడిచేసినావు."

పెంచలయ్య నిచ్చెన వదిలేసి బెంచీ మీద కూచున్నాడు. నిచ్చెన మీదున్న హెడ్మాస్టరు "అయ్యో, అయ్యో" అని గోడని కావలించుకున్నాడు. ఇంకొకప్పుడైతే హాలంతా పడి పడి నవ్వేవాళ్లు. పెంచలయ్య ఆనాడు చుక్క తుడిచిన తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి, మూలన గోడవైపు తిప్పి ఉన్న పటాన్ని తన చేతులతో ఇటు తిప్పాడు.

"కాటుకలో బలమేమీ లేదు. నేను చచ్చేదాకా అదే చెప్తా" అన్నాడు అందరికీ వినపడేట్టు. "తల్లి చెయ్యి ఊరుకోదు, అంతే. ఉండనీ. రేయ్, మేకు యాడుండాది? సుత్తి తీసకరండి!"

అప్పుడు మొదలైన కేకలూ నవ్వులూ చెరువుకట్ట దాకా వినపడ్డాయని పోలేరయ్య తర్వాత చెప్పుకునేవాడు. తానే హాల్లో ఉండి చెరువుకట్ట దాకా ఎట్లా విన్నాడని ఎవరూ అడగలేదు. పటం నడిగోడకెక్కింది. లిదియమ్మ దాని ముందు నిలబడి, ముఖం కొంగుతో కప్పుకుని, ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, పెంటయ్య ఆ కొంగు పట్టుకుని లాగుతున్నాడు.

మర్నాడు పండగ. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బళ్లు కట్టుకుని వచ్చారు. చెరువుకట్ట కింది ఆడవాళ్లంతా చంటిబిడ్డల్ని ఎత్తుకుని, చుక్క పెట్టిన బిడ్డని చూడాలని వచ్చారు. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక గుమ్మంలో నిలబడితే పెంచలయ్యే ఎదురుపోయి పిలుచుకొచ్చి ముందు చాపల మీద కూచోబెట్టాడు. ఈమె మరియమ్మ, ఈ కొండ మనదే, బొమ్మ గీసింది మా లిదియమ్మే అని వచ్చినవాళ్లకల్లా చెప్తున్నాడు. ఆ "మా" అనే మాట విన్నప్పుడల్లా లిదియమ్మ గుండె పొంగింది.

కొండాపురంలో ఇచ్చిన పెంచలయ్య కూతురు మూడు నెలల బిడ్డతో ఆ పొద్దున్నే బస్సు దిగింది. ఆరాధన మొదలవబోతుండగా లిదియమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి వరండాలోకి వచ్చింది. అక్కడ స్తంభం చాటున కామమ్మ మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని, కూతురి కాటుక భరిణె తెరిచి, వేలితో కాస్త తీసుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని తల ఎత్తింది. ఎదురుగా మొగుడు నిలబడి ఉన్నాడు.

కామమ్మ వేలు అట్లాగే గాలిలో ఆగిపోయింది.  పెంచలయ్య వచ్చి పక్కన గొంతుక్కూచుని, బిడ్డ కదలకుండా ఆ చిన్న తలని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పెట్టు. చెరిగిపోకుండా గట్టిగా పెట్టు" అన్నాడు.